ఉష్ణప్రియ బ్యాక్టీరియా ప్రోటియేజ్‌లు పరిశ్రమలో ఎక్కడ నిలబడ్డాయి, ఎక్కడ ఆగిపోయాయి

ప్రోటీన్లను కోసి ముక్కలు చేసే ఎంజైమ్‌లను ప్రోటియేజ్‌లు అంటారు. అవి కూడా ప్రోటీన్లే కాబట్టి మిగతా ఎంజైమ్‌లకు లేని ఇబ్బంది ఒకటి వాటికి ఉంది. ఒకే ద్రావణంలో ఉన్న రెండు ప్రోటియేజ్ అణువుల్లో ఒకటి రెండోదాన్ని తినేయగలదు. దీన్నే స్వయంజీర్ణం అంటారు. పిండి పదార్థాన్ని విడగొట్టే అమైలేజ్‌కు ఈ బెడద లేదు. ఎంత వేడిలో ఉన్నా తోటి అమైలేజ్ దాని జోలికి రాదు. ప్రోటియేజ్‌కు మాత్రం వేడి పెరిగే కొద్దీ పైభాగంలో ఎక్కడో ఒక చిన్న మడత వదులవుతుంది. ఆ వదులైన చోటే పక్క అణువు పట్టుకుని కోసేస్తుంది. ఆ తర్వాత చల్లబరిచినా అది కోలుకోదు.

వేడినీటి బుగ్గల్లో బతికే బ్యాక్టీరియా ఈ చిక్కును ఎలా దాటాయన్నదే ఈ రంగంలో అసలు ఆసక్తికరమైన ప్రశ్న. వాటి ప్రోటియేజ్‌లు రెండు పోట్లను ఒకేసారి తట్టుకోవాలి. ఒకటి వేడి, రెండోది తమ జాతి అణువులే. ఆ గట్టిదనాన్ని పరిశ్రమ వాడుకున్న తీరు చూస్తే, పైకి అనిపించేదానికీ జరిగినదానికీ చాలా తేడా కనిపిస్తుంది. వేడిని తట్టుకునే ఎంజైమ్ అంటే మరిగే తొట్టెల్లో పనిచేయడానికే అనుకోవడం సహజం. అలాంటి వాడకం లేకపోలేదు. కానీ ఈ ఎంజైమ్‌లకు మంచి పేరు తెచ్చిన పనుల్లో కొన్ని గోరువెచ్చని వేడిలోనే జరిగాయి. మరికొన్నింటిలో, ఎంజైమ్ ఎప్పుడు మేలుకోవాలో ఎప్పుడు ఆగిపోవాలో వేడితో నిర్ణయించగలగడమే అసలు లాభం.

దాదాపు 50 డిగ్రీల సెల్సియస్‌కు పైన హాయిగా పెరిగే సూక్ష్మజీవులను ఉష్ణప్రియ జీవులు అంటారు. 80 డిగ్రీలకు పైన పెరిగేవాటిని అతి ఉష్ణప్రియ జీవులుగా లెక్కిస్తారు. వీటిలో చాలావరకు బ్యాక్టీరియా కావు, ఆర్కియా అనే వేరే వర్గానికి చెందినవి. బ్యాక్టీరియాకు నోరు లేదు. చుట్టుపక్కల ఉన్న ప్రోటీన్ ఆహారం కావాలంటే దాన్ని కణం బయటే చిన్న ముక్కలుగా కోసుకుని లోపలికి లాక్కోవాలి. అందుకే ప్రోటియేజ్‌లను బయటికి వదులుతాయి. కణాన్ని పగలగొట్టకుండా, పెంచిన ద్రవం నుంచే ఎంజైమ్‌ను తీసుకునే వీలు దీనివల్లే కలిగింది.

ఈ వర్గంలో అందరికన్నా ఎక్కువ పరిశోధన జరిగింది థర్మోలైసిన్ మీద. 1962లో జపాన్‌లో ఎండో అనే పరిశోధకుడు ఒక ఉష్ణప్రియ బాసిల్లస్ జాతి నుంచి దీన్ని వేరుచేశాడు. 316 అమైనో ఆమ్లాల గొలుసు ఇది. 1972లో అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ మాథ్యూస్ బృందం దీని త్రిమితీయ నిర్మాణాన్ని బయటపెట్టింది. అందులో ఒక జింక్ అయాన్, నాలుగు కాల్షియం అయాన్లు కనిపించాయి. కోసే పని జింక్‌ది. అది ఒక నీటి అణువును సరైన చోట పట్టి ఉంచుతుంది, ఆ నీరే అమైనో ఆమ్లాలను కలిపి ఉంచే పెప్టైడ్ బంధాన్ని తెంపుతుంది. కాల్షియానికి కోతతో సంబంధం లేదు. వదులయ్యే మడతలను కట్టి ఉంచడమే దాని పని. కాల్షియం అందుతున్నంతసేపూ థర్మోలైసిన్ 80 డిగ్రీల దగ్గర గంటసేపు ఉన్నా దాదాపు సగం పనితనాన్ని నిలుపుకుంటుంది. కాల్షియాన్ని లాగేస్తే తోటి అణువులకు ఆహారమైపోతుంది.

ఈ ఒక్క విషయమే థర్మోలైసిన్‌కు బట్టల సబ్బుల తలుపు మూసేసింది. నీటిలోని కాల్షియాన్ని పట్టి కట్టేసే రసాయనాలు డిటర్జెంట్లలో కలిసే ఉంటాయి, లేకపోతే గట్టి నీటిలో మురికి సరిగా వదలదు. మురికి మీద పనిచేయాల్సిన ఎంజైమ్‌కు కావాల్సిన కాల్షియాన్ని కూడా అవే ఎత్తుకుపోతాయి. ఎంజైమ్ గట్టిదనం దానికదే ఉండే గుణం కాదు, అది ఎక్కడ ఉంటుందన్న దాన్ని బట్టి మారిపోతుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

వేడికి ప్రోటియేజ్ ఎక్కడ ఓడిపోతుందో తేల్చిన పని 1998లో వచ్చింది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో వాన్ డెన్ బర్గ్, ఐసింక్, వెనెమా తదితరులు థర్మోలైసిన్‌కు దగ్గరి బంధువైన మరో బాసిల్లస్ ప్రోటియేజ్‌ను తీసుకున్నారు. గొలుసు మొత్తంలో ఎనిమిది చోట్ల మాత్రమే అమైనో ఆమ్లాలను మార్చారు. కొన్ని మార్పులు థర్మోలైసిన్‌ను చూసి అరువు తెచ్చుకున్నవి. కొన్ని ఆలోచించి పెట్టినవి, వాటిలో రెండు గంధక పరమాణువుల మధ్య వేసిన ఒక అడ్డకట్టు కూడా ఉంది. మామూలు ఎంజైమ్ 100 డిగ్రీల దగ్గర అర నిమిషం కూడా సగం పనితనంతో నిలవదు. మార్చిన ఎంజైమ్ 170 నిమిషాలు నిలిచింది. మార్పులను అణువంతటా చల్లలేదు, ముందుగా విప్పుకునే బలహీనమైన చోట చుట్టే పెట్టారు. ఆ ఒక్క చోటును బిగిస్తే స్వయంజీర్ణం మొదలయ్యే దారి మూసుకుపోతుంది.

ఆ ప్రయోగం మరో నమ్మకాన్ని కూడా కదిలించింది. వేడి తట్టుకునే ఎంజైమ్ బిగుసుకుని ఉంటుంది కాబట్టి మామూలు వేడిలో మందంగా పనిచేస్తుందన్నది చాలాకాలంగా ఉన్న అభిప్రాయం. ప్రకృతిలో దొరికే ఎంజైమ్‌లలో ఇది తరచుగా నిజమే. కానీ గ్రోనింగెన్‌లో తయారైన ఎంజైమ్ మరుగునీటిని తట్టుకుంటూనే 37 డిగ్రీల దగ్గర తన పాత పనితనాన్ని నిలుపుకుంది. అంటే ఆ మందకొడితనం తప్పనిసరి షరతు కాదు. వేడినీటి బుగ్గలో ఉండే బ్యాక్టీరియాకు చల్లటి వేళ చురుగ్గా ఉండాల్సిన అవసరం రాలేదు, పరిణామం దాన్ని పట్టించుకోలేదు, అంతే.

వేడిలో ప్రోటీన్‌ను కోయడం వల్ల కలిగే లాభాలు నిజమైనవే. చాలా ప్రోటీన్లు మామూలు వేడిలో గట్టిగా ముడుచుకుని ఉంటాయి, ప్రోటియేజ్‌కు కోయాల్సిన చోటు దొరకదు. 70 డిగ్రీలకు తీసుకెళితే కోయాల్సిన ప్రోటీన్ విప్పుకుంటుంది, కోసే ఎంజైమ్ విప్పుకోదు. కొవ్వులు కరుగుతాయి, చిక్కటి ద్రావణాలు పలుచనవుతాయి. మామూలు సూక్ష్మజీవులు ఆ వేడిలో పెరగవు కాబట్టి గంటల తరబడి నడిచే తొట్టె పాడయ్యే భయం కూడా తగ్గుతుంది.

మొక్కజొన్న నుంచి ఇథనాల్ తీసే కర్మాగారాలు ఈ లాభాన్ని నేరుగా వాడుకుంటున్నాయి. అక్కడ పిండిని 85 డిగ్రీల చుట్టుపక్కల వేడిలో అమైలేజ్‌తో జావలా మారుస్తారు. అదే తొట్టెలో ప్రోటియేజ్ కూడా పనిచేయగలిగితే, పిండి రేణువులను చుట్టుకుని ఉన్న ప్రోటీన్ తెగి పిండీ నూనే మరింతగా విడుదలవుతాయి. తర్వాత ఈస్ట్‌కు కావాల్సిన నత్రజని కూడా దొరుకుతుంది. ఇందుకు వాడే ఎంజైమ్ పైరోకాకస్ ఫ్యూరియోసస్ అనే ఆర్కియాకు చెందినది. ఇటలీలోని వల్కానో దీవి దగ్గర సముద్రపు వేడి మడ్డి నుంచి దొరికిన ఈ జీవిని 1986లో ఫియాలా, స్టెట్టర్ వర్ణించారు. ఇది 100 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది.

ఇక ఆస్పర్టేమ్ సంగతి. పంచదారకన్నా దాదాపు 200 రెట్లు తీపి ఉన్న ఈ పదార్థాన్ని 1965లో అమెరికాలో సెర్ల్ కంపెనీలో పనిచేస్తున్న జేమ్స్ ష్లాటర్ కనుగొన్నాడు. ఆస్పార్టిక్ ఆమ్లానికి ఫినైల్‌అలనిన్ మిథైల్ ఎస్టర్‌ను ఒకే ఒక్క పెప్టైడ్ బంధంతో కలిపితే ఆస్పర్టేమ్ వస్తుంది. చెప్పడానికి సులువే, చేయడంలోనే చిక్కు ఉంది. ఆస్పార్టిక్ ఆమ్లానికి అతుక్కోగల చోట్లు రెండు. ఒక చోట అతికితే తీపి, రెండో చోట అతికితే చేదు. మామూలు రసాయన పద్ధతిలో రెండూ కలిసి వస్తాయి, విడదీయడానికి అదనపు ఖర్చు. పైగా ఫినైల్‌అలనిన్‌కు ఎడమ, కుడి అని రెండు రూపాలు ఉన్నాయి. తీపికి ఎడమ రూపమే పనికొస్తుంది.

థర్మోలైసిన్ ఈ రెండు చిక్కులనూ ఒక్కసారే తీర్చింది. అది సరైన చోటే అతుకుతుంది, ఎడమ రూపాన్నే ముట్టుకుంటుంది. బంధాలను తెంపడమే పనిగా ఉన్న ఎంజైమ్‌తో బంధాన్ని ఎలా వేయించారన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ప్రతి ఎంజైమ్ చర్య రెండు వైపులా నడుస్తుంది, సమతుల్యం ఎటు ఉంటే అటు. నీటిలో సమతుల్యం మామూలుగా తెంపే వైపే ఉంటుంది. ఇక్కడ ఏర్పడిన పదార్థం మిగిలిపోయిన కుడి రూపంతో జతకట్టి కరగని ముద్దగా కింద పేరుకుంటుంది. ద్రావణంలోంచి అలా తప్పుకున్న సరుకును ఎంజైమ్ మళ్ళీ తెంపలేదు కాబట్టి, లోటు భర్తీ చేయడానికి చర్య అతికే వైపే సాగుతుంది. మిగిలిన కుడి రూపాన్ని తీసి రసాయనికంగా మార్చి మళ్ళీ వాడుకోవచ్చు.

ఇందులో గమనించాల్సింది ఉష్ణోగ్రత. ఈ చర్యను దాదాపు 40 నుంచి 50 డిగ్రీల దగ్గర నడుపుతారు, థర్మోలైసిన్ పూర్తి ఊపుతో పనిచేసే వేడికి ఇది బాగా తక్కువ. అంతకన్నా వేడి చేస్తే ఎస్టర్ తనంతట తానే విడిపోతుంది. మరి ఉష్ణప్రియ ఎంజైమ్ ఎందుకు? చిక్కటి ముడిసరుకు, సేంద్రియ ద్రావణుల జాడలు, గంటల తరబడి సాగే చర్య, తర్వాత ఎంజైమ్‌ను తీసి మళ్ళీ వాడుకోవాలన్న కోరిక, ఇవన్నీ భరించేది అదే. వేడిలో మడత విప్పుకోని అణువు ద్రావణుల మధ్య కూడా సులువుగా విప్పుకోదు. జపాన్‌కు చెందిన టోసో, నెదర్లాండ్స్‌కు చెందిన డీఎస్ఎం కలిసి పెట్టిన హాలండ్ స్వీట్‌నర్ కంపెనీ ఈ పద్ధతిలోనే ఆస్పర్టేమ్ తయారుచేసింది. ఆస్పర్టేమ్ ధరలు పడిపోవడంతో 2006 చివరికి ఆ కంపెనీ ఈ వ్యాపారం నుంచి తప్పుకుంది. పారిశ్రామిక ఎంజైమ్‌ల చరిత్రలో ఇంత అందంగా కుదిరిన రసాయనం అరుదు. అది మార్కెట్ దెబ్బకు ఆగిపోయింది తప్ప ఎంజైమ్ లోపం వల్ల కాదు.

వేడిని అదుపు సాధనంగా వాడుకున్న ఉదాహరణలు బ్రెడ్ తయారీలోనూ డీఎన్‌ఏ పరీక్షల్లోనూ దొరుకుతాయి. 1966లో అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కు వేడినీటి నుంచి థామస్ బ్రాక్, హడ్సన్ ఫ్రీజ్ సేకరించి, 1969లో వర్ణించిన థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియా పేరు పీసీఆర్ పరీక్షల వల్ల అందరికీ తెలిసింది. డీఎన్‌ఏను కాపీ చేసే టాక్ పాలిమరేజ్ దానిదే. అదే బ్యాక్టీరియా అక్వాలైసిన్ అనే ప్రోటియేజ్‌ను కూడా ఇస్తుంది. ఇది 80 డిగ్రీల దగ్గర బాగా చురుగ్గా ఉంటుంది. బ్రెడ్ పిండి కలిపేటప్పుడు గ్లూటెన్ అనే గోధుమ ప్రోటీన్ అల్లిక గట్టిగా ఉండాలి, లేకపోతే పిండి జారిపోతుంది, పొంగదు. మామూలు ప్రోటియేజ్ కలిపితే ఆ దశలోనే అల్లికను కోసేస్తుంది. అక్వాలైసిన్ అప్పుడు దాదాపు నిద్రలో ఉంటుంది. ఓవెన్‌లో లోపలి భాగం వేడెక్కి, పిండి పదార్థం గడ్డకట్టి, ఆకారం నిలబడే వేళకు మేలుకుంటుంది. అప్పుడు కోసినా ఆకారం పోదు, సాగే గుణం మాత్రం తగ్గి బ్రెడ్ నోట్లో తేలిగ్గా తెగుతుంది.

డీఎన్‌ఏ తీసే పనిలో ఇదే సూత్రం తలకిందులుగా పనిచేస్తుంది. అక్కడ కావాల్సింది పని అయ్యాక పూర్తిగా చచ్చిపోయే ఎంజైమ్. రక్తపు మరకలోంచో లాలాజలంలోంచో డీఎన్‌ఏ తీయాలంటే చుట్టూ ఉన్న ప్రోటీన్లను కోసేయాలి. ఆ ప్రోటియేజ్ మిగిలిపోతే తర్వాత పీసీఆర్‌లో వాడే పాలిమరేజ్‌ను కూడా కోసేస్తుంది. అందుకని పాత పద్ధతుల్లో రసాయనాలతో కడగడం, ఒక గొట్టంలోంచి మరో గొట్టంలోకి మార్చడం తప్పేది కాదు. మార్చిన ప్రతిసారీ కొంత డీఎన్‌ఏ పోతుంది, బయటి డీఎన్‌ఏ కలిసే ప్రమాదమూ ఉంటుంది. అంటార్కిటికాలోని ఎరిబస్ అగ్నిపర్వతం వేడి నేలలో దొరికిన ఒక బాసిల్లస్ జాతి నుంచి న్యూజిలాండ్‌లోని వైకాటో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈఏ1 అనే ప్రోటియేజ్‌ను వేరుచేశారు. ఇది 75 డిగ్రీల దగ్గర కణాలను కరిగించి ప్రోటీన్లను కోస్తుంది. డీఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైమ్‌లు ఆ వేడికి మడత విప్పుకుని దీని కోతకు దొరికిపోతాయి. తర్వాత 95 డిగ్రీలకు పెంచితే ఈఏ1 కూడా చచ్చిపోతుంది. మూత తీయకుండా ఒకే గొట్టంలో పని పూర్తవుతుంది. నేర పరిశోధనలో చేతికొచ్చే నమూనా కొన్ని కణాలే అయినప్పుడు ఈ సౌలభ్యం చాలా విలువైనది. ఈఏ1 మరీ గట్టిది కాకపోవడం ఇక్కడ వరం. పైరోకాకస్ ఎంజైమ్ అయితే 95 డిగ్రీల దగ్గర కూడా కోస్తూనే ఉండేది.

గట్టిదనం శాపమయ్యే చోట్ల గురించి పరిశోధనా పత్రాల్లో తక్కువగా రాస్తారు, నిజానికి వాటి నుంచే ఎక్కువ నేర్చుకోవచ్చు. చీజ్ తయారీలో పాలను గడ్డకట్టించడానికి రైజోమ్యుకర్ మీహై అనే ఉష్ణప్రియ శిలీంధ్రం ప్రోటియేజ్‌ను వాడతారు. ఇది బ్యాక్టీరియా కాకపోయినా సమస్య ఒకటే. పాలు విరిగాక మిగిలే నీటిని పాశ్చరైజ్ చేసినా ఎంజైమ్ చావలేదు. ఆ నీటితో చేసే ఇతర ఆహారాల్లో మెల్లగా ప్రోటీన్లను కోస్తూ రుచి పాడుచేసింది. చివరికి ఎంజైమ్‌లోని మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఆక్సీకరణ చేసి, కావాలనే దాన్ని బలహీనపరిచి అమ్మాల్సి వచ్చింది. డిటర్జెంట్లలో సరిగ్గా దీనికి ఎదురు కథ నడిచింది. బట్టల సబ్బుల్లో వాడే సబ్టిలైసిన్ అనే ప్రోటియేజ్‌లో 222వ స్థానంలోని మిథియోనిన్‌ను తెలుపు తెచ్చే పెరాక్సైడ్ ఆక్సీకరించి ఎంజైమ్‌ను పడగొట్టేది. 1985లో ఎస్టెల్, గ్రేకార్, వెల్స్ ఆ మిథియోనిన్‌ను మార్చి ఆ బెడద తప్పించారు. ఒక పరిశ్రమ వదిలించుకున్న లోపాన్ని మరో పరిశ్రమ కోరి తెచ్చుకుంది.

వేడిని తట్టుకునే ప్రోటియేజ్ కోసం ఉష్ణప్రియ జీవుల దగ్గరికే వెళ్ళాలన్నది కూడా పూర్తి నిజం కాదు. ఫ్రిజ్ చలిలో పెరిగే సూడోమోనాస్ బ్యాక్టీరియా పచ్చిపాలలో వదిలే ఒక ప్రోటియేజ్, 140 డిగ్రీల దాకా కొన్ని సెకన్లు వేడి చేసే యూహెచ్‌టీ ప్రక్రియను కూడా కొంతమేర దాటుకుంటుంది. బ్యాక్టీరియా చచ్చిపోతుంది, అది వదిలిన ఎంజైమ్ మిగులుతుంది. నెలల తర్వాత సీలు వేసిన ప్యాకెట్‌లో పాలు చేదెక్కడానికీ గడ్డకట్టడానికీ అదొక ముఖ్య కారణం.

బట్టల సబ్బుల విషయంలో ఇప్పటి దారి వేడికి దూరంగా పోతోంది. 1913లో జర్మనీలో ఓటో రోమ్ పంది క్లోమం నుంచి తీసిన ఎంజైమ్‌తో మొదలుపెట్టిన ఈ ఆలోచన, 1960లలో బాసిల్లస్ ప్రోటియేజ్‌లు వచ్చాకే నిలదొక్కుకుంది. అప్పట్లో యూరప్‌లో బట్టలను 60 డిగ్రీలకు పైన ఉతకడం మామూలు. ఇప్పుడు కరెంటు ఆదా కోసం 30, 20 డిగ్రీలకు దిగారు. అక్కడ కావాల్సింది చలిలో చురుకుదనం, సీసాలో నెలల తరబడి తనను తాను తినకుండా నిలిచే ఓపిక. తోలు పరిశ్రమలో అయితే అవకాశమే లేదు. పచ్చితోలు 60 డిగ్రీలు దాటుతుండగానే ముడుచుకుపోతుంది, కాబట్టి వెంట్రుకలు ఊడదీసే ఎంజైమ్ చల్లగానే పనిచేయాలి.

తయారీలో ఇబ్బంది మరోలా ఉంటుంది. ఉష్ణప్రియ జీవులు తొట్టెల్లో పలుచగా పెరుగుతాయి, 80 డిగ్రీల తొట్టె నడపడం ఖరీదు, ఆ వేడిలో నీటిలో ఆక్సిజన్ కూడా సరిగా కరగదు. అందుకని జన్యువును మామూలు బ్యాక్టీరియాలోకి మార్చి అక్కడ ఎంజైమ్ తీస్తారు. ప్రోటియేజ్ తయారవుతూనే ఆతిథ్యమిచ్చిన కణాన్ని తినేయకుండా దాని గొలుసు మొదట్లో ఒక అదనపు తోక ఉంటుంది. మడత సరిగా పడేలా చూసేదీ, అంతవరకూ కోత మొదలవకుండా ఆపేదీ ఆ తోకే. ఈ.కోలై అనే మామూలు బ్యాక్టీరియాలో తయారైన అక్వాలైసిన్ మొదట నిద్రాణంగానే ఉంటుంది. దాన్ని 65 డిగ్రీల దాకా వేడి చేస్తే తోక తెగి మేలుకుంటుంది. అదే వేడికి ఈ.కోలై సొంత ప్రోటీన్లు చాలావరకు గడ్డకట్టి కిందికి దిగుతాయి. శుద్ధి ఖర్చులో పెద్ద భాగం ఇలా ఒక్క వేడి చేయడంతో తప్పుతుంది.

ఇంకా తేలాల్సిన పెద్ద పని కోళ్ళ ఈకలది. ఈకలో దాదాపు 90 శాతం కెరటిన్ ఉంటుంది. గంధకపు అడ్డకట్లతో బిగించిన ప్రోటీన్ కాబట్టి మామూలు ప్రోటియేజ్‌లు దాన్ని గీరనైనా గీరలేవు. ఇప్పుడు ఈకలను అధిక పీడనపు ఆవిరిలో ఉడికించి దాణాపొడి చేస్తున్నారు, ఆ ఉడుకులో లైసిన్, సిస్టీన్ లాంటి విలువైన అమైనో ఆమ్లాలు కొంత పాడవుతాయి. 1996లో ఫ్రీడ్రిక్, అంట్రనికియన్ అజోర్స్ దీవుల వేడినీటి బుగ్గల్లో ఫెర్విడోబ్యాక్టీరియం పెన్నివోరాన్స్‌ను కనుగొన్నారు. ఆ తర్వాత ఇండోనేషియా వేడి ప్రవాహంలో దొరికిన దాని బంధువు ఒకటి 70 డిగ్రీల దగ్గర రెండు రోజుల్లో ఈకను మొత్తంగా కరిగించింది.

అయితే ఆ బ్యాక్టీరియా నుంచి ప్రోటియేజ్‌ను విడిగా తీసి ఈక మీద పోస్తే అదే ఫలితం రాదు. గంధకపు కట్లను ముందుగా విప్పేది బతికున్న కణం, ప్రోటియేజ్ కోసేది ఆ తర్వాతే. ఈ జీవి ఆక్సిజన్ తగిలితే పెరగదు, పెరిగినా పలుచగానే పెరుగుతుంది. కాబట్టి ఒక్క జన్యువును ఎత్తుకెళ్ళి మరో బ్యాక్టీరియాలో పెట్టే అలవాటైన మార్గం ఇక్కడ సరిపోదు. కట్లు విప్పే ఎంజైమ్‌లనూ కోసే వాటినీ జతగా తయారుచేయాలి. ఆ రెండు రకాలూ ఒకే వేడిలో, ఒకే ద్రావణంలో, ఒకదాన్నొకటి తినకుండా నిలవాలి.